దస్తరంలో రాయని పేరు

గ్రాన్-బూర్, మరీ-గలాంత్ దీవి
1879 అక్టోబరు 7, మంగళవారం

సెన్-మార్తాన్ దీవిలో గ్రాన్-కాజ్ ఉప్పు మడుల మేస్త్రీ ఆన్సెల్ పీటర్స్ గారికి, గ్రాన్-బూర్ పురపాలక కచేరీలో ముప్పై ఒక్కేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్న ఫిలిబెర్ రుయార్ నమస్కరించి రాస్తున్నది.

దేవుని దయవల్ల మీరూ, మీ ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ క్షేమమే అని రాయడం ఆనవాయితీ. తుఫాను ఈ ఏడు ఇంకా మా మీద కన్నెయ్యలేదు, చెరకు నిలువెత్తు ఎదిగింది, కచేరీ పైకప్పు ఎప్పటిలాగే కారుతోంది. అంతవరకూ క్షేమమే. నా సంగతి మాత్రం అలా రాయలేను. ఎందుకో ఈ ఉత్తరం అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

మీకు ఫ్రెంచి చదువు రాదనీ, మీ దీవిలో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారనీ ఉప్పు పడవ కెప్టెన్ రోమ్నీ చెప్పాడు. కాబట్టి దీన్ని మీకు ఎవరో చదివి వినిపిస్తూ ఉంటారు. అయ్యా, చదివే పెద్దమనిషీ, మీరెవరైనా సరే, మీకొక దణ్ణం. ఉన్నది ఉన్నట్టు చదవండి. ఒక్క ముక్క కలపకండి, ఒక్క ముక్క దాటెయ్యకండి. ఇంతగా ఎందుకు బతిమాలుతున్నానో కాసేపట్లో మీకూ అర్థమవుతుంది.

ముందు ముఖ్యమైన మాట. మీ అమ్మ బతికే ఉంది. పేరు సిదొనీ. అరవై దాటాయి, కళ్ళు మసకేశాయి, నోరు మాత్రం మా కచేరీ గంట కంటే గట్టిగా మోగుతుంది. మీ అసలు పేరు అన్సెల్మ్. మీరు పుట్టింది ఇక్కడ, ఈ దీవిలో, లారివో దొర చెరకు తోటలో.

ఇకమీదట నిన్ను నువ్వనే రాస్తాను, ఏమనుకోకు. అలా పిలిచే హక్కు నాకు లేదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఆమె నోట 'మావాడు', 'వాడు', 'నా చంటోడు' అని విని విని, నిన్ను మీరు అంటే నాకే ఎవరో పరాయివాడికి రాస్తున్నట్టుంది.

నీకు ఎంతవరకు జ్ఞాపకం ఉందో నాకు తెలియదు. నీ ఆరో ఏట లారివో దొర కూతురికి సెన్-మార్తాన్ దొరబిడ్డతో పెళ్ళయింది. అమ్మాయితో పాటు సారె వెళ్ళింది. అద్దాల బీరువా, పన్నెండు దుప్పట్లు, ఒక గుర్రం, ఒక పిల్లవాడు. ఆ పిల్లవాడివి నువ్వు. మీ అమ్మ ఆ రోజు కర్రపెండలం రొట్టెలు కాలుస్తోంది. ఎవరో వచ్చి "సిదొనీ, నీ కొడుకు రేవులో ఉన్నాడే" అంటే, ఆడుకోవడానికి వెళ్ళాడేమో అనుకుందట. పెనం మీద రొట్టె తిరగేసి, అది కాలాక తీసి, అప్పుడు బయల్దేరింది. ఆ రొట్టె తియ్యడానికి పట్టిన సమయాన్ని ఇప్పటికీ తిట్టుకుంటుంది. రేవుకు వెళ్ళేసరికి పడవ తెరచాప ఎత్తేసింది.

ఆ తర్వాత ఆరేళ్ళకు విడుదల వచ్చింది. బానిసలన్న మాటే ఇక లేదన్నారు. అంతవరకు దొరల పుస్తకాల్లో పశువుల్లా ఒక అంకె, ఒక పిలుపు పేరు ఉన్నవాళ్ళందరికీ ఇంటిపేర్లు ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక తల్లికి, ఆమె పిల్లలందరికీ కలిపి ఒకటే ఇంటిపేరు. దీవి దీవంతా మా కచేరీ ముందు బారులు తీరింది. నేనప్పుడే కొత్తగా చేరాను. ఇరవై రెండేళ్ళు, కొత్త కోటు, చెవి మీద కలం. మాది మూడు తరాలుగా స్వేచ్ఛగా ఉన్న కుటుంబం. మా తాతకు సొంత కుట్టుపని దుకాణం ఉండేది. అందుకని ఎండలో నిలబడ్డ ఆ జనాన్ని చూస్తే నాకు కొంచెం ఏవగింపు, కొంచెం భయం. ఒంటి రంగులో వాళ్ళకీ నాకూ పెద్ద తేడా లేదు, అందుకే కాబోలు. ఈ మాట నా జీవితంలో ఎవరికీ చెప్పలేదు, నీకు రాస్తున్నాను.

అది 1849 ఫిబ్రవరి, శనివారం. మధ్యాహ్నం గంట కొట్టడానికి పది నిమిషాలుంది. మా అమ్మ ఆ రోజు చేపల పులుసూ, ఉడికించిన సీమపనసా చేస్తానంది. పొద్దుటి నుంచి నా ముక్కు ఆ పులుసు దగ్గరే ఉంది. అప్పుడు బల్ల ముందుకొచ్చి నిలబడింది మీ అమ్మ. కాళ్ళకు చెప్పుల్లేవు, తలకి ఉతికిన గుడ్డ చుట్టుకుంది.

పేరు అడిగాను. వయసు అడిగాను. కార్యదర్శి ముందే తయారు చేసిన జాబితాలోంచి ఒక ఇంటిపేరు తీసి రాశాను: సెర్వాల్. సిదొనీ సెర్వాల్. ఆమె ఆ మాటని నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకుని, "బావుంది బాబుగారూ, నమలడానికి గట్టిగా ఉంది" అంది. వెనక వరుసలో నవ్వారు.

"పిల్లలు?" అన్నాను.

"ఒకడు. ఇక్కడ లేడు. సెన్-మార్తాన్ పట్టుకుపోయారు. వాణ్ణి కూడా నా కింద రాయండి. రేపు వాడొచ్చి నన్ను వెతుక్కుంటే దొరకాలి కదా."

ఎదురుగా లేనివాళ్ళని కూడా రాయవచ్చు. కానీ దొర ఇచ్చిన పాత బానిసల పుస్తకంలో ఉన్న అంకె చూసి, సరిపోల్చి రాయాలి. ఆ అంకె ఆమెకు నోటికొచ్చు. ఎనిమిది వందల నలభై ఒకటి. చదువు రాని మనిషి, ఆరేళ్ళ పాటు కొడుకు అంకెని ప్రార్థనలా వల్లించుకుంది. గుర్తు కూడా చెప్పింది. నాలుగేళ్ళప్పుడు రొట్టెల పెనానికి తగిలి ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ, నెలవంకలా ఉంటుందని.

పాత పుస్తకం మేడ మీద ఉంది. మేడ మీద రేకుల కింద పొయ్యిలా ఉంటుంది, పైగా కందిరీగల పట్టు. పది మెట్లు ఎక్కాలి, పుస్తకం వెతకాలి, దిగాలి, రాయాలి. గంట కొట్టేస్తుంది, పులుసు చల్లారిపోతుంది. నేను కలాన్ని సిరాలో ముంచి, కాగితానికి తగలకుండా గాలిలో నాలుగుసార్లు ఆడించి, "రాశాను, వెళ్ళు" అన్నాను.

ఆమె వెళ్ళలేదు. బల్ల అంచు పట్టుకుని, "చదివి వినిపించండి బాబుగారూ" అంది.

ఆమె వరుస కింద తెల్లటి ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీద వేలు పెట్టి చదివాను: "అన్సెల్మ్ సెర్వాల్, పై సిదొనీ కొడుకు, వయసు పన్నెండు, ప్రస్తుతం సెన్-మార్తాన్ దీవిలో ఉన్నాడు." ఆమె నా వేలి వంకే చూసింది. ఆ తెల్లటి చోటునే, అక్కడ నువ్వు కనిపిస్తున్నట్టు, చూసి చూసి కళ్ళు తుడుచుకుంది. నా చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. పులుసు వేడివేడిగానే దొరికింది నాకు.

సోమవారం రాద్దాంలే అనుకున్నాను. నమ్ము, నిజంగానే అనుకున్నాను. సోమవారం రెండు వందల మంది వచ్చారు. తర్వాత మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి ఆమె వరుస కింద ఖాళీ లేదు, వేరేవాళ్ళ పేర్లు వచ్చేశాయి. పుస్తకం మూసి, మేయరు సంతకం పెట్టి, నకలు ఫ్రాన్సుకి పంపేశారు. ఇక అందులో ఒక్క గీత గీసినా దొంగరాత కింద లెక్క, ఉద్యోగం ఊడుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

ఆ ఏడు సకల పునీతుల పండుగ రోజున ఆమె మళ్ళీ వచ్చింది. ఆ రోజు మా దగ్గర అందరూ సమాధులకు సున్నం కొట్టి, చుట్టూ శంఖాలు పేర్చి, చీకటి పడే వేళకు ఒక్కో చనిపోయినవాడికి ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారని నీకు చెప్పక్కర్లేదు, మీ దీవిలోనూ అదే పద్ధతి ఉండి ఉంటుంది. ఆమె చేతిలో రెండు కొవ్వొత్తులున్నాయి. ఒకటి వాళ్ళమ్మకి. రెండోది పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చి గుసగుసగా అడిగింది: "బాబుగారూ, ఎవరైనా చచ్చిపోతే మీ పుస్తకంలో పక్కన రాస్తారట కదా. మావాడి పక్కన ఏమన్నా రాశారేమో కాస్త చూడండి. రాసి ఉంటే ఇది వెలిగిస్తాను. రాయకపోతే ఇంటికి పట్టుకుపోతాను."

రాస్తారు, నిజమే. ఎవరు పోయినా వాళ్ళ పేరు పక్కన మార్జినులో మరణం రాయడం మా పని. నేనేం చెయ్యాలి చెప్పు? ఇప్పుడైతే నోరు విప్పి చెప్పాల్సిందని తెలుస్తోంది. అప్పుడు పుస్తకం తీశాను, ఆ పేజీ తిప్పాను, వేరేవాళ్ళ పేరు మీద వేలు పెట్టి, "మార్జిను ఖాళీగా ఉంది. బతికే ఉన్నాడు" అన్నాను.

"చదవండి మరి" అంది. చదివాను. వయసు ఒక ఏడు పెంచి చదివాను.

అలా ముప్పై పండగలు. ప్రతి ఏడూ ఒక కొవ్వొత్తి వెలిగించి, ఒకటి చెంగులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయేది. తన గుడిసెలో ఆ వెలిగించని కొవ్వొత్తులు ఒక గంపలో దాచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏమే సిదొనీ, నీ కాగితం కొడుక్కి మీసాలొచ్చాయా?" అని దెప్పేవారు. "వచ్చాయి, మీ మొగుళ్ళకంటే బాగా ఉన్నాయట, గుమాస్తా బాబు చెప్పాడు" అని ఈమె జవాబు. నాకొచ్చే కోపమంతా ఆ ఆడవాళ్ళ మీదికి మళ్ళించుకునేవాణ్ణి. వాళ్ళ కంటే నేనెంత మెరుగు?

అరవై ఐదు తుఫాను మీకూ తగిలిందో లేదో. ఇక్కడ గుడి గోపురం తప్ప ఏదీ నిలవలేదు. కచేరీ పైకప్పు ఎగిరి పోయింది, దస్తరాల గది మోకాలి లోతు నీళ్ళు. నీకు నిజం రాస్తాను. ఆ నీళ్ళలో నిలబడి, ఆ ఒక్క పుస్తకం కుళ్ళి ముద్దయిపోవాలని మొక్కుకున్నాను. పోతే నా పాపం కూడా పోతుందనుకున్నాను. మూడో రోజు మీ అమ్మ వచ్చింది. తన గుడిసె లేదు, మేక లేదు, పెనమూ, కొవ్వొత్తుల గంపా మాత్రం నెత్తిన పెట్టుకొచ్చింది. తిండి గురించి అడగలేదు, గుడ్డ గురించి అడగలేదు. "బాబుగారూ, పుస్తకం క్షేమమేనా?" అంది. పోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె మొహం చూసి అనలేకపోయాను. క్షేమమే అన్నాను. నిజంగానే పుస్తకానికి నాలుగు మూలలు తడిశాయి తప్ప ఏమీ కాలేదు. నాలాంటివాడి మొక్కు దేవుడెందుకు వింటాడు?

నేను పెళ్ళి చేసుకున్నాను, పెద్ద గుమాస్తానయ్యాను, నా భార్య పోయింది. పిల్లలు కలగలేదు. మీ అమ్మ నాకు ప్రతి ఏడూ కొబ్బరి పెట్టిన కర్రపెండలం రొట్టె ఆకులో చుట్టి తెచ్చేది. "తినండి బాబుగారూ, నా కొడుకుని కాచేవాళ్ళు మీరు" అనేది. ఆ రొట్టె గొంతు దిగడానికి ఎన్ని గుటకలు నీళ్ళు తాగేవాడినో నాకే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మొన్న శుక్రవారం పండగ రాకుండానే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "బాబుగారూ, నాకు చూపు పోతోంది. వచ్చే ఏటికి ఉంటానో లేదో. నేను పోతే వాడికి దీపం పెట్టే దిక్కెవరు? అందుకని ఈ పండక్కి వాడికి కూడా నేనే వెలిగించేస్తాను. గంపలో ఉన్న ముప్పై కొవ్వొత్తులూ ఒకేసారి" అంది.

"బతికున్నవాడికి వెలిగిస్తారా ఎవరైనా?" అన్నాను.

"వెలిగించరు. అందుకే మీ దగ్గరకొచ్చాను. మీరు ఆ మార్జినులో రాసెయ్యండి, పోయాడని. పుస్తకంలో బతికుండగా వెలిగిస్తే వాడికి కీడు. ముందు మీరు రాస్తే, తర్వాత నేను వెలిగిస్తాను." అని, "ముప్పై ఏళ్ళు బతికించారు, ఇక చాలు బాబుగారూ. మీరూ ముసలివాళ్ళయిపోయారు" అంది. నన్ను చూసి జాలి పడింది! ఒరే అన్సెల్మ్, మీ అమ్మ నన్ను చూసి జాలిపడిందిరా.

అసలు రాయని పేరు పక్కన చావు రాయమంటోంది. పండగ లోపల చూస్తానని పంపేశాను.

ఆ మర్నాడే ఉప్పు దించడానికి కెప్టెన్ రోమ్నీ పడవ వచ్చింది. మాటల మధ్య, గ్రాన్-కాజ్ ఉప్పు మడుల మీద ఆన్సెల్ అనే మేస్త్రీ ఉన్నాడనీ, చిన్నప్పుడు మరీ-గలాంత్ నుంచి వచ్చినవాడనీ, ఎండలో చొక్కా విప్పితే మోచేతి మీద నెలవంక మచ్చ ఉంటుందనీ చెప్పాడు. ఇన్నేళ్ళకు దేవుడు నీ ఆచూకీ నాకు పంపాడు. అందుకే ఈ ఉత్తరం.

పండగ నవంబరు ఒకటి, శనివారం. రోమ్నీ పడవ ఈ నెల ఇరవై అయిదున మళ్ళీ ఇటు బయల్దేరుతుంది. నీకు చోటు ఉంచమని అతనితో మాట్లాడాను. ఏ పని ఉన్నా వదిలి రా. ఉప్పు ఎక్కడికీ పోదు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తేలుతుంది. ఆమె ఆ కొవ్వొత్తులు వెలిగించిందంటే ఇక నీ కోసం ఎదురుచూడదు. ఎదురుచూడడం మానేస్తే ఆమె ఎన్నాళ్ళో ఉండదని నాకు భయంగా ఉంది. నేను ముప్పై ఏళ్ళు చదివి చదివి ఆమెని నిలబెట్టానని ఒక్కోసారి గర్వపడేవాణ్ణి. అది గర్వపడాల్సిన పని కాదు.

నీకు పెళ్ళాం, పిల్లలు ఉంటే వాళ్ళని కూడా తీసుకురా. గ్రాన్-బూర్ రేవులో దిగగానే గుడి వెనక సందులోకి తిరుగు. ఏ ఇంట్లో పెనం మీద కర్రపెండలం వాసన వస్తే అదే ఇల్లు. అడ్రసు అక్కర్లేదు.

ఈ ఉత్తరంతో పాటు ఆకులో చుట్టిన పొట్లం ఒకటి పంపుతున్నాను. నిన్న ఆమె చేత చేయించాను. ఎవరికని అడిగితే సెన్-మార్తాన్ పోయే పడవవాళ్ళకని చెప్పాను. సెన్-మార్తాన్ అనేసరికి పిండి ఇంకో రెండు గుప్పెళ్ళు ఎక్కువ కలిపి, "సముద్రం మీద ఎండిపోతుంది, నీళ్ళు చిలకరించి వేడి చేసుకోమనండి" అంది.

దస్తరంలో నీ పేరు రాయనిది నేను. రాశానని చెప్పింది నేను. నా పాపం మొత్తం నీ ముందు పెట్టాను. వచ్చి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. కచేరీకి రాజీనామా రాసి సొరుగులో పెట్టుకున్నాను, నువ్వు వచ్చిన రోజున ఇచ్చేస్తాను.

ఇట్లు,
నీ తల్లికి ముప్పై ఏళ్ళుగా అబద్ధం చదివినవాడు,
ఫిలిబెర్ రుయార్

తాజా కలం: ఉత్తరం మడిచి లక్క పెట్టి, మళ్ళీ పగలగొట్టాను. మొత్తం పెట్టానని పైన రాశాను కదా, అది కూడా అబద్ధమే. అలవాటు పోలేదు. అయ్యా చదివేవాడా, ఇక్కడి నుంచి ఇంకా నిదానంగా చదువు.

అన్సెల్మ్, నీ ఆచూకీ నాకు రోమ్నీ చెప్తే తెలియలేదు. నువ్వు ఇంకా బతికే ఉన్నావనీ, ఇప్పుడు ఉప్పు మడుల మేస్త్రీవనీ మాత్రమే అతను చెప్పాడు. అరవై మూడు జూన్ నెలలో ఒక ఉప్పు పడవ నావికుడు మా కచేరీకి వచ్చాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి, పేరు ఆన్సెల్ పీటర్స్ అనీ, గ్రాన్-కాజ్ నుంచి వచ్చాననీ చెప్పుకున్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మా భాష సగం మరిచిపోయి, చంటిపిల్లాడిలా ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు: "సిదొనీ... లారివో తోట... రొట్టెలు చేసేది... నేను ఆమె కింద ఉన్నానా, పుస్తకంలో?" టోపీ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. బల్ల వెనక కళ్ళద్దాల గుమాస్తా ఒకడు పుస్తకం తీసి, పేజీ తిప్పి, చాలాసేపు చూసినట్టు నటించి, "అలాంటి ఆమె ఎవరూ లేరు. ఆమె కింద కొడుకనేవాడూ లేడు" అన్నాడు. గుర్తొచ్చిందా? ఆ గుమాస్తాని నేనే.

నీ మోచేతి మీద మచ్చ నువ్వు నోరు తెరవకముందే చూశాను. కార్యదర్శి నా వెనకే కూర్చుని ఉన్నాడు. ఆ నెలలోనే నాకు పెద్ద గుమాస్తా పదవి రావాలి. తల్లీ కొడుకులు కలిసి ఆ బల్ల ముందు నిలబడి, మా వరుస చూపించమంటే నా గతేం కాను అనుకున్నాను. అంతే. అంతకు మించి కారణం లేదు. వెతికితే ఇంకా పెద్ద కారణం దొరుకుతుందేమోనని పదహారేళ్ళు వెతికాను, దొరకలేదు. నువ్వు టోపీ పెట్టుకుని, "సరే మరి. పుస్తకంలో లేకపోతే లేనట్టే" అని వెళ్ళిపోయావు.

మా కచేరీ మెట్ల మీద ఒక ఆడమనిషి రొట్టెలు పెట్టుకుని కూర్చుని ఉంది. నువ్వు ఆగి ఒకటి తీసుకున్నావు. ఆమె ఏదో అడిగింది, నువ్వు ఇంగ్లీషులో ఏదో అన్నావు, ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థంకాక నవ్వుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పిలవడానికి కిటికీ తలుపు తోస్తే చాలు. నువ్వు తింటూ రేవు వైపు నడిచిపోయావు.

కాసేపటికి మీ అమ్మ లోపలికొచ్చింది. పండగ కాదు, ఏమీ కాదు. "బాబుగారూ, ఇప్పుడొక నావికుడు నా రొట్టె కొన్నాడు. మాడిన అంచు ముందు కొరికి తిన్నాడు, అచ్చం మావాడిలాగే. ఎందుకో మనసు ఆగలేదు. ఒక్కసారి చదవరూ?" అంది.

చదివాను. నీ పడవ ఇంకా రేవులోనే ఉంది.